చంటిబిడ్డలకు టోపీలు, దుప్పట్లు అల్లి ఇవ్వాలని ఉంది, కొలంబస్‌లో ఎవరిని అడగాలి?

తిరుపతి నుంచి, ఇప్పుడు కొలంబస్, ఒహాయో

అందరికీ నమస్కారం. మాది తిరుపతి, బైరాగిపట్టెడ. పెళ్ళయి హెచ్-4 వీసా (ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చేది) మీద ఈమధ్యే కొలంబస్ వచ్చాను. ఆయన పొద్దున ఆఫీసుకు వెళ్తే మళ్ళీ సాయంత్రమే. నాకు ఊలు అల్లడం, క్రోషా రెండూ వచ్చు, మా అవ్వ నేర్పింది. మా వీధిలో ఎవరింట్లో కాన్పు అయినా అవ్వ అల్లిన టోపీ ఒకటి వెళ్ళేది. ఇక్కడ ఆసుపత్రుల్లో నెలలు నిండకుండా పుట్టిన పిల్లల కోసం ఇలాంటివి తీసుకుంటారని విన్నాను. ఎవరిని అడగాలి, ఏ ఊలు కొనాలి? డబ్బు తీసుకోకుండా ఇచ్చినా వీసాకు ఇబ్బంది వస్తుందా? ఇంకో మాట, కొన్ని మన తిరుపతి ప్రసూతి ఆసుపత్రికి పంపాలని కూడా ఉంది. పోస్టులో పంపొచ్చా?

పీలేరు నుంచి, ఇప్పుడు డెట్రాయిట్

తల్లీ, వీసా సంగతి నేను చెప్తాను, అల్లిక సంగతి తెలిసినవాళ్ళు చెప్తారు. హెచ్-4 మీద ఉద్యోగం చేయకూడదు. మీవారికి ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయితే నువ్వు ఈఏడీకి, అంటే పని చేసుకునే అనుమతి కార్డుకు, అప్లై చేసుకోవచ్చు, ఆ వీలు 2015 మే నుంచి ఉంది. అది చేతికి వచ్చేదాకా జీతం గానీ, జీతానికి బదులుగా ఇచ్చే గిఫ్ట్ కార్డు గానీ ముట్టుకోవద్దు. ఇంట్లో కూర్చుని అల్లి చారిటీకి ఉచితంగా ఇస్తే అది ఉద్యోగం కాదు, దానికి టెన్షన్ పడొద్దు. కానీ చేత్తో చేసినవి అమ్మే ఎట్సీ సైట్లోనో, మనవాళ్ళ వాట్సాప్ గ్రూపులోనో ఒక్క టోపీ అమ్మినా అది సంపాదన కిందికే వస్తుంది. "ఊలు ఖర్చు వరకే కదా" అని ఎవరైనా డబ్బు చేతిలో పెడితే వెనక్కి ఇచ్చెయ్.

ఊలు కొన్న రసీదులు దాచుకో. రిజిస్టరైన చారిటీకి ఇచ్చిన వస్తువుకు పెట్టిన ఖర్చును టాక్స్‌లో చూపించొచ్చు, అదీ ఐటమైజ్ చేస్తేనే, అంటే మినహాయింపు ఖర్చులన్నీ విడివిడిగా రాసి చూపిస్తేనే. నీ శ్రమకు వెల కట్టి రాయడానికి లేదు.

నువ్వు అడగలేదు గానీ, అన్నింటికంటే ముందు డ్రైవింగ్ లైసెన్స్ తీసుకో. ఒహాయోలో మంచు పడటం మొదలైతే కారు లేకుండా ఊలు కొట్టుకు కూడా పోలేవు. మీవారి క్రెడిట్ కార్డు మీద నీ పేరు కూడా ఎక్కించుకో, క్రెడిట్ హిస్టరీ (అప్పు సరిగ్గా కట్టే రికార్డు) ఇప్పటినుంచే మొదలవ్వొచ్చు. వచ్చిన కొత్తలో ఈ రెండూ ఎవరూ చెప్పరు.

పుత్తూరు నుంచి, ఇప్పుడు చికాగో

చెల్లీ, ముందు అల్లి తర్వాత ఎవరికివ్వాలా అని వెతకొద్దు. ఆసుపత్రికి ఫోన్ చేసి "వాలంటీర్ సర్వీసెస్" వాళ్ళకు కలపమను. చేత్తో అల్లినవి తీసుకుంటారా, ఏ సైజు కావాలి, ఏ దారం, ఏ రోజు తేవాలి, ఈ నాలుగూ అడిగి రాసుకో. ఒక ఆసుపత్రికి టోపీలు గుట్టలుగా ఉండి దుప్పట్లు చాలకపోవచ్చు, పక్క ఆసుపత్రిలో దానికి తలకిందులుగా ఉండొచ్చు. రిసెప్షన్‌లో సంచి పెట్టి వచ్చేస్తే అది వార్డుకు చేరుతుందన్న నమ్మకం లేదు.

ఇక దారం. మన ఊళ్ళో ఊలు అంటే ఏదైనా ఊలే, ఇక్కడ లేబుల్ చదవాలి. అసలైన గొర్రె ఊలు చాలాచోట్ల వద్దంటారు. మెషీన్‌లో వేస్తే ముడుచుకుపోతుంది, కొందరికి ఒంటికి పడదు. మెత్తటి అక్రిలిక్ గానీ కాటన్ గానీ తీసుకో. మెషీన్‌లో ఉతికి, డ్రయర్‌లో ఆరేసినా తట్టుకోవాలి. లేబుల్ మీద ఉండ బొమ్మలో 3 గానీ 4 గానీ ఉంటే టోపీలకు సరిపోతుంది. దుకాణంలో ఉండను చెంపకు ఆనించి చూడు, గరగరలాడితే అక్కడే పెట్టెయ్. దారం, గుడ్డ అమ్మే జోయాన్ కొట్లు 2025లో మూతపడ్డాయి, ఇప్పుడు మైకేల్స్, హాబీ లాబీ, వాల్‌మార్ట్ చూసుకోవాలి. పాత సామాన్ల కొట్లో దారం చవకే గానీ సిగరెట్ వాసన ఉంటే ఎంత ఉతికినా పోదు, అలాంటిది పసిపిల్లల దగ్గరికి పంపకూడదు.

నేను అల్లే టోపీ లెక్క ఇది. 4 నంబరు దారం, 4.5 మిల్లీమీటర్ల సూదులు, అంగుళానికి 5 కుట్లు. 64 కుట్లు ఎక్కించి గుండ్రంగా కలుపుకో. అంచు అంగుళం మేర రెండు నిట్ (సూటి కుట్టు), రెండు పర్ల్ (తిరగ కుట్టు), అది సాగుతుంది. ఆ తర్వాత అంతా నిట్టే. మొత్తం పొడవు 4 అంగుళాలు వచ్చాక పైభాగం తగ్గించడం మొదలుపెట్టు. ఆరు కుట్లు అల్లి, తర్వాతి రెండూ కలిపి ఒకటిగా అల్లు, వరసంతా అలాగే. 56 మిగులుతాయి. ఒక వరస మామూలుగా అల్లి, మళ్ళీ ఐదు అల్లి రెండు కలుపు. ఇలా వరస విడిచి వరస తగ్గించుకుంటూ పోతే చివరికి 8 కుట్లు ఉంటాయి. దారం జానెడు వదిలి కత్తిరించి, దబ్బనంతో ఆ ఎనిమిదింటిలోంచి దూర్చి బిగించి లాగు. మిగిలిన కొసను లోపలివైపు ముందు ఒక దిక్కు, తర్వాత ఎదురుదిక్కు రెండేసి అంగుళాలు దూర్చాలి. ఇది బద్ధకించకూడని పని. కొస ఊడి వేలాడితే బిడ్డ వేలికి చుట్టుకుంటుంది. 100 గ్రాముల ఉండలో ఇలాంటివి మూడు వస్తాయి.

గుండీలు, రిబ్బన్లు, పూసలు, పైన ఊలు బంతి, ఏవీ పెట్టొద్దు. వాసన లేని సబ్బుతో ఉతికి, ఆరాక జిప్ కవర్లో వేసి, ఏ దారమో, ఏ సైజో చిన్న చీటీ మీద రాసి పెట్టు.

చిత్తూరు నుంచి, ఇప్పుడు న్యూజెర్సీ

పుత్తూరు అక్క చెప్పిందంతా నిజం. నేను వేరే జాగ్రత్త చెప్తాను. తోడుకు నలుగుర్ని కలుపుకుని అల్లాలనిపిస్తుంది, తప్పకుండా కలుపుకో. కానీ అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో మాత్రం పెట్టొద్దు.

మేం పాత అపార్ట్‌మెంట్‌లో ఆదివారాలు క్లబ్‌హౌస్‌లో కూర్చునేవాళ్ళం. మనవాళ్ళు, ఇద్దరు గుజరాతీ ఆంటీలు, పై అంతస్తులో ఉండే ఒక అమెరికన్ పెద్దావిడ. ఫారం నింపి, డిపాజిట్ కట్టి, అన్నీ పద్ధతిగానే చేశాం. కొన్ని నెలలకు లీజింగ్ ఆఫీసు నుంచి తలుపుకు కాగితం అంటించారు, మేం అక్కడ వ్యాపారం నడుపుతున్నామని, లీజు ప్రకారం అది కుదరదని. సంచుల్లో దారం లోపలికి పోతోంది, సరుకు బయటికి వస్తోందని ఎవరో చెప్పారట. ఆసుపత్రి వాళ్ళు ఇచ్చిన థాంక్యూ లెటర్ పట్టుకుని వెళ్ళాను. మేనేజర్ దాన్ని చదవనుకూడా లేదు. "ఈసారికి నోటీసు వెనక్కి తీసుకుంటాం, డిపాజిట్ మాత్రం రాదు, కార్పెట్ మీద పసుపు మరక పడింది" అన్నాడు. మేం అక్కడ టీ తప్ప ఏమీ తినేవాళ్ళం కాదు. మొదటి ఆదివారం ఒకావిడ దారం బుట్టను ఫోటో తీసి గ్రూపులో పెట్టింది. వెతికి చూస్తే ఆ బుట్ట వెనకాల, కిటికీ కింద, అదే మరక! తేదీతో సహా మెయిల్ చేశాను. జవాబు లేదు. మళ్ళీ చేశాను. "కార్పొరేట్‌కు పంపాం" అన్నారు. కార్పొరేట్ వాళ్ళు "మీ ప్రాపర్టీ ఆఫీసునే అడగండి" అన్నారు. అలా తిప్పి తిప్పి చివరికి చెక్కు పంపారు, క్లబ్‌హౌస్ మాత్రం మళ్ళీ ఇవ్వలేదు. ఆ పై అంతస్తు పెద్దావిడ ఎంత బాధపడిందో! ఆమెకు వారమంతటిలో మనుషులతో మాట్లాడే రోజు అదొక్కటే.

అప్పుడు పబ్లిక్ లైబ్రరీకి మారాం. రూం ఉచితం, అడిగేవాళ్ళు లేరు. కొలంబస్‌లో లైబ్రరీలు బాగుంటాయి, నీ బ్రాంచిలో అల్లికల గ్రూపు ఉందేమో కనుక్కో. గది ఎవరిదైనా సరే, మొదటిరోజే నాలుగు మూలలూ ఫోటో తీసి మెయిల్‌లో పెట్టుకో.

మదనపల్లె నుంచి, ఇప్పుడు హ్యూస్టన్

నేను ఎన్‌ఐసీయూ (పసికందుల ఐసీయూ) నర్సుని. రెండు విషయాలు చెప్పాలి.

మొదటిది సైజు. నెలలు నిండిన బిడ్డ తల చుట్టుకొలత 35 సెంటీమీటర్లు ఉంటుంది. 28 వారాలకు పుట్టిన బిడ్డకు 26 దగ్గర. పుత్తూరు అక్క లెక్కలో 64 కుట్లు నిండు నెలల బిడ్డకు సరే. నెలలు తక్కువ పిల్లలకు 48 ఎక్కించు, ఇంకా చిన్నవాళ్ళకు 40. అవి కూడా ఎనిమిది మీద తెగేవే కాబట్టి తగ్గింపు పద్ధతి అదే. అందరూ పెద్ద సైజే అల్లి పంపుతారు, మాకు ఎప్పుడూ చాలనివి చిన్నవి.

రెండోది, టోపీ ఎప్పుడు పెట్టాలన్నది. పుట్టిన మొదటి గంటల్లో, ఎన్‌ఐసీయూలో టోపీ కావాలి. ఆ తర్వాత ఇంట్లో నిద్రపోయే బిడ్డకు వద్దని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2022లో చెప్పింది, ఒళ్ళు వేడెక్కిపోతుందని. ఉయ్యాలలో, క్రిబ్‌లో వదులు దుప్పటి అసలే ఉండకూడదు. కాబట్టి దుప్పటి ఇచ్చేటప్పుడు అది ఒళ్ళో పెట్టుకున్నప్పుడు కప్పడానికి, మెలకువగా ఉన్నప్పుడు నేల మీద పరచడానికి అని చీటీ రాయండి. క్రోషాలో పెద్ద పెద్ద కన్నాల డిజైన్లు వద్దు, వేళ్ళు ఇరుక్కుంటాయి.

పుత్తూరు నుంచి, ఇప్పుడు చికాగో

నర్సమ్మా, మీ మాట కాదనను గానీ, మన దగ్గర బాలింత గదిలో బిడ్డకు టోపీ తీసిందెప్పుడు? ఎండాకాలం కూడా పెట్టే ఉంచేవాళ్ళు. మేమంతా అలాగే పెరిగాం.

మదనపల్లె నుంచి, ఇప్పుడు హ్యూస్టన్

అక్కా, నేనూ అలాగే పెరిగాను. తిరుపతి మే నెల ఎండలో తలుపులు మూసిన గదిలో, బిడ్డ మెడ వెనక చెయ్యి పెడితే చెమటతో తడిగా ఉండేది గుర్తుందా? అది బాగున్నట్టు కాదు. టోపీ చెడ్డదని నేను అనడం లేదు. నెలలు తక్కువ బిడ్డను తల్లి ఛాతీకి ఆనించి ఉంచే కంగారూ పద్ధతిలో డైపర్‌తో పాటు టోపీ కూడా వేస్తారు. 1978లో కొలంబియాలోని బొగొటాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలుపెట్టిన పద్ధతి అది. పుట్టిన వెంటనే అలా పెట్టమని డబ్ల్యూహెచ్‌ఓ 2022లో చెప్పింది. మన తిరుపతి ప్రసూతి ఆసుపత్రికి పంపాలంటే ఆ పిల్లల కోసం పంపండి, పల్చటి కాటన్‌తో అల్లండి. అక్రిలిక్ అక్కడి ఉక్కకు పనికిరాదు.

పీలేరు నుంచి, ఇప్పుడు డెట్రాయిట్

పోస్టు సంగతి. ఇండియాకు 5,000 రూపాయల లోపు గిఫ్ట్ పంపితే డ్యూటీ ఉండదు. పెట్టె మీద గిఫ్ట్ అని రాయండి చాలు.

శ్రీకాళహస్తి నుంచి, ఇప్పుడు లండన్

అన్నా, అది పాత రూలు. 2019 డిసెంబరు నుంచి పోస్టులో, కొరియర్‌లో గిఫ్ట్ అని చెప్పి డ్యూటీ లేకుండా తెప్పించుకోవడం ఆపేశారు. ప్రాణాధార మందులకు, రాఖీలకు మాత్రమే మినహాయింపు. మిగతావాటికి పూర్తి డ్యూటీ కట్టాలి.

పీలేరు నుంచి, ఇప్పుడు డెట్రాయిట్

మా తమ్ముడికి ఆ తర్వాత కూడా పంపాను, ఎవరూ ఏమీ అడగలేదు.

శ్రీకాళహస్తి నుంచి, ఇప్పుడు లండన్

అడగకపోవడం వేరు, రూలు వేరన్నా. అడిగితే ఆ డ్యూటీ కట్టాల్సింది ఆసుపత్రి నర్సులు. వాళ్ళకు ఆ తలనొప్పి ఎందుకు? ఊరికి వెళ్ళేవాళ్ళ సూట్‌కేసులో పెట్టి పంపండి, టోపీలకు బరువెంత? పంపేముందు మీ ఇంట్లోవాళ్ళెవరైనా ఆసుపత్రికి వెళ్ళి, పసిపిల్లల వార్డు హెడ్ నర్సును అడిగి రావాలి. ఇక్కడైనా అక్కడైనా అడగడమే మొదటి పని.

ఇంకా మంచి దారి, దారం అక్కడే కొని అక్కడే అల్లించడం. మన రాష్ట్రంలో నరసాపురం వైపు ఇళ్ళల్లో ఆడవాళ్ళు తరాలుగా క్రోషా లేసు అల్లుతున్నారు. చెన్నైలో మదర్ ఇండియాస్ క్రోషే క్వీన్స్ అనే ఆడవాళ్ళ బృందం 2016లో 11,148.5 చదరపు మీటర్ల క్రోషా దుప్పటితో గిన్నిస్ రికార్డు కొట్టింది. చేతులకు కొదవలేదు. మీ అవ్వ దగ్గర నేర్చుకున్నవాళ్ళు మీ వీధిలోనే ఉంటారు కదమ్మా, వాళ్ళకు కాటన్ దారం కొనిపెడితే ఇక్కడి నుంచి మోసుకెళ్ళే పని లేదు.

తిరుపతి నుంచి, ఇప్పుడు కొలంబస్

అందరికీ చాలా థాంక్స్. ఇక్కడి ఆసుపత్రికి ఫోన్ చేశాను. 48 కుట్ల సైజు కావాలన్నారు, అక్రిలిక్ పర్వాలేదట, నెలకోరోజు తీసుకుంటారట. తిరుపతిలో మా పిన్నిని ప్రసూతి ఆసుపత్రికి వెళ్ళి అడగమన్నాను. లైసెన్స్ పరీక్షకు చదువుతున్నాను అంకుల్. దుప్పట్లకు మాత్రం దారం ఎక్కువ పడుతుందని భయంగా ఉంది. దాన్ని ఎలా మొదలుపెట్టాలి?

పుత్తూరు నుంచి, ఇప్పుడు చికాగో

36 అంగుళాల చదరం దుప్పటికి నాలుగైదు ఉండలు పడతాయి చెల్లీ. ఒంటరిగా మొదలుపెట్టక్కర్లేదు. వార్మ్ అప్ అమెరికా అని 1991 నుంచి ఉంది, 7 అంగుళాలకు 9 అంగుళాల ముక్కలు అల్లి పంపితే వాళ్ళు కలిపి కుడతారు, 49 ముక్కలకు ఒక దుప్పటి. మిగిలిపోయిన దారాలన్నీ వాటిలోకి పోతాయి. పూర్తి దుప్పటి అల్లగలిగినప్పుడు ప్రాజెక్ట్ లైనస్ వాళ్ళను అడుగు, 1995లో కొలరాడోలో మొదలైంది, జబ్బుతోనో కష్టంలోనో ఉన్న పిల్లలకు ఇస్తారు, పద్దెనిమిదేళ్ళ వరకు. మీ దగ్గర వాళ్ళ చాప్టర్ (శాఖ) ఉందేమో చూడు.

ఎర్ర దారం మిగిలితే పారెయ్యొద్దు. గుండె జబ్బుతో పుట్టే పిల్లల గురించి అందరికీ తెలియాలని ఇక్కడ ఫిబ్రవరిలో పుట్టిన పిల్లలకు ఎర్ర టోపీలు పెట్టే కార్యక్రమం 2014లో మా చికాగోలోనే మొదలైంది. మన తిరుపతిలో చిన్నపిల్లల గుండె ఆసుపత్రి 2021లో టీటీడీ తెరిచింది కదా, పద్మావతి హృదయాలయం. మీ పిన్ని ఎలాగూ ఆసుపత్రికి వెళ్తోంది కాబట్టి, అక్కడ కూడా ఒక మాట అడిగి రమ్మను. వాళ్ళు ఏ సైజు కావాలంటే ఆ సైజే అల్లుదాం. డిసెంబరులో మా ఆడపడుచు ఊరికి పోతోంది, నవంబరు ఆఖరుకల్లా నా అడ్రసుకు పంపితే సూట్‌కేసులో చోటు ఉంచమంటాను.