సమస్యాపూరణం: “శాంతి సభయె తెచ్చె సమరభయము”

నిర్వాహకుడు

అందరికీ నమస్కారం. ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం, పై మూడు పాదాలూ మీరు రాయాలి:

*శాంతి సభయె తెచ్చె సమరభయము*

ఈసారి ఒక షరతు ఉంది. కృష్ణరాయబారం వద్దు. దానితో ఈ పాదాన్ని ఎవరైనా కాఫీ చల్లారేలోపు పూరించేస్తారు. 1814-15 వియన్నా సమావేశాన్ని తీసుకోండి.

తెలియనివారి కోసం రెండు ముక్కలు. నెపోలియన్ మీద రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా, ఇంగ్లండు ఒక్కటయ్యాయి. 1814 మార్చిలో షోమాన్ ఒప్పందం చేసుకున్నాయి: ఒక్కొక్కరు లక్షా యాభై వేల మందిని దించాలి, ఎవరూ విడిగా సంధి చేసుకోకూడదు, ఈ పొత్తు ఇరవై ఏళ్ళు నిలవాలి. నెపోలియన్ ఓడి ఎల్బా దీవికి వెళ్ళాడు. సెప్టెంబరులో అందరూ వియన్నా చేరారు. ఇరవై ఏళ్ళ పొత్తు పది నెలలు తిరక్కుండానే బీటలు వారింది. ఎందుకో మీ పద్యం చెప్పాలి. “దురాశ వల్ల” అని సరిపెట్టేసిన పూరణలకు నేను మార్కులు వేయను. దురాశ అన్ని యుద్ధాల్లోనూ ఉంటుంది.

కొత్త కలం

గురువుగారూ, మొదటిసారి రాస్తున్నాను. మొదటి పాదం దగ్గరే ఆగిపోయాను: “నెపోలియను నోడ్చి…” అని మొదలుపెడితే గణాలు కుదరడం లేదు. రాత్రి పదకొండు దాకా కూర్చున్నాను. ఒకటే టెన్షన్.

పాత పంతులు

కుదరదమ్మా. నెపోలి అంటే లఘువు, గురువు, లఘువు. అది జగణం. సూర్యగణాల్లో లేదు, ఇంద్రగణాల్లోనూ లేదు. యూరప్‌ని ఏడిపించినవాడు ఆటవెలదిని మాత్రం వదులుతాడా! ఇంటిపేరు పట్టుకో. బోన, పార్టు: రెండూ గలాలే (గురువు, లఘువు), రెండు సూర్యగణాలు చక్కగా పడతాయి.

కొత్త కలం

భలే! అయితే ఇది చూడండి.

*బోనపార్టు నోడ్చి భోజనంబుల వేళ*
*నాట్యమాడి యాడి నడక మరచి*
*పంచుకొనెడు నాడు పండ్లు నూరిరి చూడు*
*శాంతి సభయె తెచ్చె సమరభయము*

“సభ నాట్యమాడుతోంది గానీ ముందుకు నడవడం లేదు” అని ఆ రోజుల్లో లీన్య్ ప్రభువు అన్నాడట కదా, రెండో పాదం అక్కడి నుంచి తెచ్చుకున్నాను.

పాత పంతులు

మొదటి ప్రయత్నానికి చాలా బాగుంది. గణాలు, యతులు అన్నీ సరిపోయాయి. “చూడు” మాత్రం గణం నింపడానికి పిలిచిన చుట్టం, పద్యంలో దానికి పనేమీ లేదు. పండ్లు నూరడం మంచి జాతీయం, ఉంచు.

నిర్వాహకుడు

నాదొక్క ఫిర్యాదు. పంచుకొనేటప్పుడు పళ్ళు నూరారు, సరే. ఏం పంచుకుంటూ? ఇదే పద్యాన్ని మా వీధిలో అన్నదమ్ముల ఆస్తి తగాదాకి కూడా చదివేయొచ్చు. వియన్నా ఎక్కడుంది ఇందులో, ఆ డ్యాన్సు తప్ప?

గోదారి గట్టు

నాది:

*శత్రు వొక్కడుండ జట్టుగా నిలిచిరి*
*వాడు దీవి చేర వంతు లడుగ*
*జారు పోలు నేల, జర్మను శాక్సని,*
*శాంతి సభయె తెచ్చె సమరభయము*

పోలు నేల అంటే పోలండు. రష్యా జారు మొదటి అలెగ్జాండరుకి పోలండు కావాలి, ప్రష్యాకి శాక్సనీ కావాలి.

చరిత్ర పిచ్చోడు

అన్నా, “జర్మను శాక్సని” దగ్గర ఆగాను. శాక్సనీ కూడా జర్మన్ రాజ్యమే. అక్కడి రాజు ఫ్రెడరిక్ అగస్టస్ చివరిదాకా నెపోలియన్‌తో ఉండి, 1813 అక్టోబరులో లైప్సిగ్ యుద్ధంలో పట్టుబడ్డాడు. అదే సాకుగా ప్రష్యా ఆ రాజ్యం మొత్తం మాదేనంది. అంటే ఒక జర్మను ఇంకో జర్మనుని మింగబోయాడు. మీ పాదం చదివితే బయటి దేశం మీద పడ్డట్టుంది.

పాత పంతులు

నిజమే. ఒక చిన్న మార్పు చెబుతాను, నచ్చితే తీసుకో తమ్ముడూ:

*జారు పోలు నేల, శాక్సనీ ప్రష్యయు*

జా-శా యతి చెల్లుతుంది. ప్రష్యా పేరు కూడా పద్యంలోకి వచ్చేసింది.

గోదారి గట్టు

తీసుకున్నాను పంతులుగారూ, ధన్యవాదాలు. ప్రష్య కోసం గంట వెతికాను, అక్కడ పట్టదనుకున్నాను.

నిర్వాహకుడు

ఇప్పుడు ఇది పూరణ. సమస్యలోని విరోధం విడిపోయింది. శత్రువు ఉన్నంతకాలం “ఎవరికి ఎంత” అన్న ప్రశ్నే రాలేదు. వాడు దీవికి చేరగానే వచ్చింది. అడగడంలోనూ కిటుకు ఉంది, చరిత్ర పిచ్చోడుగారు చెబితే బాగుంటుంది.

చరిత్ర పిచ్చోడు

ఆ రెండు కోరికలూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. ప్రష్యాకి అంతకుముందు పోలండులో కొంత భాగం ఉండేది. నెపోలియన్ 1807లో దాన్ని లాక్కుని వార్సా డచీ అనే చిన్న రాజ్యం పెట్టాడు. ఇప్పుడు జారు, “ఆ డచీ నాకు వదిలెయ్, బదులుగా శాక్సనీ నీకు ఇప్పిస్తా” అన్నాడు. ఇచ్చేది ఆయన సొమ్ము కాదు, తీసుకునేదీ ప్రష్యా సొమ్ము కాదు. పైగా రష్యా సైన్యం అప్పటికే డచీలో తిష్ఠ వేసుకుని ఉంది. ఉన్నవాణ్ణి లేవగొట్టడం కష్టం.

ఆస్ట్రియా మంత్రి మెటర్నిక్‌కి రెండు వైపులా గుబులే: పైన పోలండులో రష్యా, బొహీమియా గట్టు మీద ప్రష్యా. ఇంగ్లండు మంత్రి కాసల్రేకి ఐరోపాలో ఏ ఒక్కడూ మరీ బలవకూడదు. డిసెంబరు చివర్లో ప్రష్యా మంత్రి హార్డెన్‌బర్గ్, శాక్సనీ మాకు ఇవ్వకపోతే యుద్ధం ప్రకటించినట్టే లెక్క అనేశాడు. మన సమస్యలోని భయం పుట్టింది అక్కడే.

కడప కుర్రాడు

పద్యం రాలేదు గానీ ఒక మాట. మన దగ్గరా ఇలాంటిది ఉంది కదా. టిప్పు మీద నిజాం, మరాఠాలు, ఇంగ్లీషువాళ్ళు ఒక్కటయ్యారు. 1792 శ్రీరంగపట్నం సంధిలో మా కడప నిజాం వాటాకి వచ్చింది. 1795లో ఖర్డా దగ్గర మరాఠాలు ఆ నిజాం మీదికే వచ్చారు, ఇంగ్లీషువాళ్ళు కదలకుండా చూస్తూ కూర్చున్నారు.

నిర్వాహకుడు

బాగుంది, కానీ మధ్యలో మూడేళ్ళున్నాయి. మన పాదంలో “సభయె” అని ఉంది. సంధి బల్ల దగ్గరే భయం పుట్టాలి. మీ కడపకి ఇంకో సమస్య ఇస్తాను, మాట ఇస్తున్నా.

లలిత (పద్యాల పేరు: వెన్నెల)

నేను ఫ్రాన్సు మంత్రి టాలీరాండ్ మీద రాశాను. 1814 సెప్టెంబరు 30న మొదటిసారి ఆయన్ని పిలిచినప్పుడు, కాగితంలో “మిత్రరాజ్యాలు” అన్న మాట చూసి, మిత్రులా, ఎవరి మీద అని అడిగాడట. నెపోలియన్ మీదా? ఆయన ఎల్బాలో ఉన్నాడు. ఫ్రాన్సు రాజు మీదా? ఆయనతో సంధి అయిపోయింది.

*ఎవరి మీద మైత్రి? యెల్బాకు బోయెగా*
*వైరి, యనుచు ఫ్రెంచివాడు నవ్వ*
*నలుగురున్న చోట నైదవ పీటతో*
*శాంతి సభయె తెచ్చె సమరభయము*

కొత్త కలం

అక్కా, మొదటి పాదం అదిరింది. ఒక సందేహం: రెండో పాదంలో వై-వా యతి చెల్లుతుందా?

పాత పంతులు

చెల్లుతుంది. అ, ఆ, ఐ, ఔ ఒకే కుటుంబం. మొదటి పాదం సంగతి నేనూ అదే అంటాను. పద్యం ఎత్తుకోవడమే ప్రశ్నతో ఎత్తుకుంది, గొంతు వినిపిస్తోంది.

చరిత్ర పిచ్చోడు

పద్యం నాకూ నచ్చింది లలితగారూ. మూడో పాదంతోనే పేచీ. నాలుగు రాజ్యాల మధ్య ఫ్రాన్సుకి అయిదో పీట వేయడం వల్ల భయం వచ్చినట్టు ఉంది. పీట వల్ల బీట రాలేదండీ. బీట చూసి పీట వేసుకున్నాడాయన.

పాత పంతులు

అబ్బ! ఈ మాట ఎవరైనా పద్యంలో పెట్టండయ్యా.

లలిత (వెన్నెల)

ఒప్పుకుంటున్నాను. పీట, బీట రెండూ ఒకే పాదంలో పెట్టాలని రెండు గంటలు చూశాను. “బీట యైదవ పీటయై” అంటే యతి పోతోంది. చివరికి పీట వదులుకున్నాను.

*ఎవరి మీద మైత్రి? యెల్బాకు బోయెగా*
*వైరి, యనుచు ఫ్రెంచివాడు నవ్వి*
*నలుగురందు బీట నాసనమ్ముగ జేయ*
*శాంతి సభయె తెచ్చె సమరభయము*

నిర్వాహకుడు

పీట పోయినందుకు బాధగానే ఉంది, ఆసనం కొంచెం బిగుసుకు కూర్చుంది. కానీ అర్థం ఇప్పుడు నిలబడింది. ఆయన ఆ బీటలో కూర్చోకముందు జరిగింది మాటల పోట్లాట. కూర్చున్నాక అది యుద్ధమయ్యే వీలు వచ్చింది. 1815 జనవరి 3న ఆస్ట్రియా, ఇంగ్లండు, ఫ్రాన్సు రహస్యంగా సంతకాలు చేశాయి. రష్యా, ప్రష్యా పేర్లు పైకి చెప్పకపోయినా గురి వాళ్ళ మీదే. తొమ్మిది నెలల క్రితం ఓడించిన దేశాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, కలిసి గెలిచినవాళ్ళ మీదికి!

ఆటవెలది అభిమాని

నేను ఆ రహస్య సంతకాల మీదే రాసి ఉంచాను, మీరు ముందే చెప్పేశారు.

*లైప్సిగందు గెల్చి లక్షన్నర భటుల*
*నిత్తుమన్న వారె నెమ్మి మరచి*
*చాటు వ్రాలు జేయ సాటివారి పయిని*
*శాంతి సభయె తెచ్చె సమరభయము*

వివరణ: షోమాన్‌లో ఒక్కొక్కరు లక్షన్నర మందిని ఇస్తామన్నారు. జనవరి 3 రహస్య ఒప్పందంలోనూ ఒక్కొక్కరు లక్షన్నరే. అంకె మారలేదు, శత్రువు మారాడు. నెపోలియన్ ఎల్బా నుంచి తప్పించుకుని వచ్చాక మార్చి 25న నాలుగు రాజ్యాలూ మళ్ళీ పొత్తు పెట్టుకున్నాయి. అందులోనూ లక్షన్నరే!

పాత పంతులు

లైప్సిగుకి లక్షన్నరతో యతి! ఇంత సులువుగా దొరకడం అదృష్టం. నీ వివరణే నీ పద్యం కన్నా బాగుంది నాయనా, అదే బాధ. “అంకె మారలేదు, శత్రువు మారాడు” అన్న ముక్క పద్యంలో ఎక్కడుంది? పద్యంలో లక్షన్నర ఒక్కసారే వచ్చింది. రెండోసారి వస్తేనే కదా దెబ్బ తగిలేది.

చరిత్ర పిచ్చోడు

ఇంకోటి. లైప్సిగ్‌లో గెలిచింది ఎవరు? రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా, స్వీడన్. ఇంగ్లండుది ఒక రాకెట్ దళం మాత్రమే. ఫ్రాన్సు అక్కడ ఓడినది. చాటున వ్రాలు చేసింది ఆస్ట్రియా, ఇంగ్లండు, ఫ్రాన్సు. లైప్సిగ్‌లో సైన్యంతో గెలిచి, చాటున సంతకమూ చేసింది ఆస్ట్రియా ఒక్కటే. మీ పద్యంలో “వారె” అని బహువచనం ఉంది.

ఆటవెలది అభిమాని

గౌరవవాచకం అనుకోండి! మెటర్నిక్‌గారు కదా.

చరిత్ర పిచ్చోడు

సరే, రాకెట్లతో కలిపి ఒకటిన్నర.

డల్లాస్ తెలుగు

అంశం కొంచెం జరుపుతున్నాను, తిట్టకండి. వియన్నాలో పోలండు కోసం కొట్టుకున్నారు. 1945లో యాల్టాలోనూ పోట్స్‌డామ్‌లోనూ గెలిచిన మిత్రుల మధ్య గొంతులో ముల్లు మళ్ళీ పోలండే.

*పోలు వారి నేల పోట్సుడామందును*
*నూటముప్ప దేండ్ల నొప్పి తిరుగ*
*బాంబు గుట్టు తోడ పక్కవాడు నగగ*
*శాంతి సభయె తెచ్చె సమరభయము*

పోట్స్‌డామ్ సమావేశం 1945 జులై 17న మొదలైంది. ముందురోజే అమెరికా అణుబాంబు పరీక్ష చేసింది. 24న ట్రూమన్ స్టాలిన్‌తో మా దగ్గర కొత్త ఆయుధం ఉందని మాటల్లో అన్నట్టు అన్నాడు. స్టాలిన్ మొహంలో ఏమీ కనిపించలేదు, గూఢచారుల ద్వారా ఆయనకి ముందే తెలుసు.

పాత పంతులు

“నూటముప్పదేండ్ల నొప్పి” నాకు బాగా పట్టింది. పాతనొప్పి చలికాలంలో తిరగబెట్టినట్టు. “నగగ” మాత్రం నోట్లో రాయిలా ఉంది. ఇలా అయితే?

*బాంబు గుట్టు తోడ పక్కవాడే నవ్వ*

డల్లాస్ తెలుగు

మార్చేశాను గురువుగారూ. నవ్వేది ట్రూమనా, స్టాలినా అని ఎవరైనా అడిగితే?

లలిత (వెన్నెల)

అడగనివ్వండి. ఇద్దరి దగ్గరా గుట్టు ఉంది. ఆ పాదంలో నాకు నచ్చిందే అది.

గోదారి గట్టు

నిర్వాహకుడుగారూ, చిన్న సందేహం. సమస్యలో “సమరభయము” అన్నారు. నిజంగా యుద్ధం చేసేవాళ్ళా, ఊరికే బెదిరింపులా?

నిర్వాహకుడు

అందుకే “భయము” దగ్గర ఆపాను. యుద్ధం రాలేదు. రహస్య ఒప్పందం గాలి ప్రష్యాకి తగిలిందో ఏమో గానీ, 1815 ఫిబ్రవరికల్లా దిగివచ్చారు. ప్రష్యాకి శాక్సనీ జనంలో సుమారు అయిదింట రెండు వంతులు, జారుకి పోలండులో పెద్ద ముక్క, క్రాకో ఎవరికీ కాకుండా స్వతంత్ర నగరం. బేరం కుదిరిన నెలలోపే నెపోలియన్ ఫ్రాన్సులో అడుగుపెట్టాడు, వాళ్ళు మళ్ళీ మిత్రులైపోయారు. పారిస్‌లో ఆయనకి ఆ రహస్య ఒప్పందం నకలు దొరికింది. ఫ్రాన్సు రాజు పారిపోతూ వదిలేసిన కాగితాల్లో ఉంది. వెంటనే జారుకి పంపించాడు, చూడు నీ మిత్రుల సంగతి అని. జారు మెటర్నిక్‌ని పిలిచి కాగితం చూపించి, మంటలో వేసేశాడంటారు. ఈ దృశ్యం మీద ఒక్కరూ రాయలేదేంటి అని నాకు ఆశ్చర్యం.

ఆటవెలది అభిమాని

ముందు చెప్పొచ్చుగా!

నిర్వాహకుడు

ముందు చెబితే అందరూ అదే రాస్తారు. ఈ వారం నా ఓటు లలితగారి సవరించిన పద్యానికి. రెండోది గోదారి గట్టుగారిది, అందులో మూడో పాదంలో సగం పంతులుగారి ఖాతాలోకి వెళ్తుంది. కొత్త కలంగారు “చూడు” తీసేసి ఇంకో మాట వెతకండి, ఆదివారం దాకా టైముంది.

వచ్చే వారం సమస్య కూడా ఆటవెలదే, అంశం కూడా వియన్నానే. టాలీరాండ్ కుంటికాలు ప్రస్తావన లేకుండా పూరించాలి:

*ఓడినట్టివాడె యొజ్జ యయ్యె*