ఇల్లు అత్త పేరున ఉంటే కోర్టు రక్షణ దొరుకుతుందా?

ప్రశ్న: మా చెల్లెలిని దేవరకొండ దగ్గరి పల్లెకు ఇచ్చాం. భర్త తాగి వచ్చి కొడతాడు, అర్ధరాత్రి పిల్లలతో సహా బయటికి నెడతాడు. రెండుసార్లు పెద్దమనుషుల్లో పెట్టి కాగితం రాయించాం. ఆ మాట నెల కూడా నిలవలేదు. పది రోజులుగా నల్లగొండలో మా ఇంట్లోనే ఉంటోంది. ఇల్లు అత్త పేరున ఉంది కాబట్టి కోర్టుకు వెళ్లినా లాభం లేదంటున్నారు. ఆమెకు విడాకులు వద్దు, దెబ్బలు ఆగితే చాలు. ఏం చేయాలి?

జవాబు (మహబూబ్‌నగర్ నుంచి, న్యాయవాది): ఆ మాట నమ్మకండి. గృహహింస చట్టం, 2005 ప్రకారం కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు ఆమెది. పట్టా ఎవరి పేరున ఉందన్నది అడ్డు కాదు. అత్తమామల పేరున ఉన్న ఇంటికీ ఇది వర్తించవచ్చని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అవసరమైతే భర్తను ఇల్లు విడిచి వెళ్లమని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. అత్తను మాత్రం పంపరు. ఆడవారిని బయటికి పంపే ఉత్తర్వు ఈ చట్టంలో లేదు. విడాకులు కోరాల్సిన పనీ లేదు.

దేవరకొండకు తిరగక్కరలేదు. ఆమె తాత్కాలికంగా ఉంటున్న నల్లగొండలోనే దరఖాస్తు వేయవచ్చు. జిల్లాలోని రక్షణ అధికారిని కలిస్తే జరిగిన హింసను నివేదికగా రాసి మేజిస్ట్రేటుకు పంపుతారు. వకీలు ఫీజు గురించి దిగులు వద్దు: న్యాయసేవాధికార సంస్థ ఆదాయం చూడకుండా మహిళలకు ఉచితంగా వకీలును ఇస్తుంది, ఫోను 15100. మళ్లీ కొట్టడానికి వస్తే 112, మహిళలకు 181.

మొదటి వాయిదా మామూలుగా మూడు రోజుల్లోపు, తీర్పు అరవై రోజుల్లో రావాలని చట్టం. ఆచరణలో ఆ గడువు దాటుతూనే ఉంటుంది, దాచడమెందుకు. అందుకే దరఖాస్తుతో పాటే ప్రమాణపత్రం పెట్టి మధ్యంతర ఉత్తర్వు అడగండి. పరిస్థితి తీవ్రంగా కనిపిస్తే అవతలివారి వాదన వినకముందే ఇచ్చే అధికారం మేజిస్ట్రేటుకు ఉంది. పిల్లల ఖర్చులు, తాత్కాలిక సంరక్షణ కూడా అందులోనే అడగవచ్చు. చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు, కొట్టొద్దన్న ఒక్క మాటే రాసి ఊరుకుంటారు. పిల్లల బడికి రాకూడదని, ఫోను చేయకూడదని, పుట్టింటి గడప తొక్కకూడదని విడివిడిగా రాయించండి.

జవాబు (జడ్చర్ల నుంచి): నేను ఈ దారిన వెళ్లినదాన్ని. ఉత్తర్వు నకలు ఉచితంగా ఇస్తారు, వదలకండి. నాది ప్లాస్టిక్ కవరులో వేసి రేషన్ కార్డుతో కలిపి పెట్టుకున్నాను. ఒక రాత్రి అతను మళ్లీ తలుపు బాదాడు. స్టేషనుకు వెళ్తే "మీ ఇంటి సంగతి మీరే చూసుకోండి" అన్నారు. నకలు బల్ల మీద పెట్టాక కూర్చోబెట్టారు. ఉత్తర్వు మీరితే ఏడాది వరకు జైలు, లేదా 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఇంకో మాట: గాయాలు మానకముందే సర్కారు దవాఖానాలో చూపించి చీటీ తీసుకోండి. నేను తీసుకోలేదు, ఆ లోటు వాయిదాల్లో తెలిసింది.

ప్రశ్న వేసినవారు: ఇద్దరికీ నమస్కారం. సోమవారం న్యాయసేవాధికార సంస్థకు వెళ్తున్నాం. చీటీ గురించి అడిగితే చెల్లెలు ఏమీ మాట్లాడకుండా పెద్దవాడి బడిసంచి తెచ్చింది. లెక్కల పుస్తకం అట్టలోపల మూడు చీటీలున్నాయి. మొదటిది రెండేళ్ల కిందటిది.