మాజీ సైనికుల ఇళ్లలో తాగుడు కేసులు: మొదటి నెల ఫ్యామిలీ సెషన్లు ఎలా నడపాలి? (బెంగళూరు)

జాలహళ్లి_పీఎస్‌డబ్ల్యూ అడిగారు:

డీఅడిక్షన్ సెంటర్‌లో ఫ్యామిలీ థెరపీ చూస్తున్నాను. జాలహళ్లి, యలహంక, కె.ఆర్.పురం వైపు స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు బాగా వస్తాయి, వాటిలో మాజీ సైనికుల ఇళ్లు తక్కువేం కాదు. ఎవరి కేసూ చెప్పడం లేదు, ఎక్కువగా కనబడే వరస ఇది: మనిషికి నలభై దాటాయి, పదిహేడేళ్ల సర్వీసు చేసి హవల్దారుగా వచ్చేశాడు, ఇప్పుడు సెక్యూరిటీలో నైట్ డ్యూటీ. రోజూ క్వార్టర్, సెలవు రోజున హాఫ్. మోకాళ్ల నొప్పులు, నిద్ర పట్టదు. భార్య "కూరలో కలిపే మాత్ర ఇవ్వండి" అంటుంది. పిల్లలు నాన్న ఉన్న గదిలోకి రారు. ఆయనేమో "ఇక్కడికొచ్చినట్టు తెలిస్తే పెన్షన్ ఆపేస్తారా?" అని మొదట అదే అడుగుతాడు.

ఎవరిని ముందు చూడాలి, జంటగా ఎప్పుడు కూర్చోబెట్టాలి, మిలిటరీ క్యాంటీన్‌లో నెలనెలా వచ్చే మందు కోటా ఏం చేయాలి? పుస్తకాల్లో ఉన్న బిహేవియరల్ కపుల్స్ థెరపీని (భార్యాభర్తలు కలిసి రోజువారీ ఒప్పందాలతో తాగుడు మాన్పించుకునే పద్ధతి) మనవాళ్ల ఇళ్లకి ఎలా సరిచేసుకుంటున్నారు?

హోసూరు_రోడ్డు:

థెరపీ సంగతి తర్వాత. మొదటి రోజు విత్‌డ్రాయల్ (మందు ఆపగానే ఒంట్లో వచ్చే ఇబ్బందులు), తుపాకీ, ఇంట్లో దెబ్బలు... వీటి లెక్క తేల్చండి. ఇవి తేలకుండా జంటని ఎదురెదురుగా కూర్చోబెట్టకూడదు.

"ఎంత తాగుతారు?" అంటే "రెండు పెగ్గులు సార్" అంటారు. అబద్ధం కాకపోవచ్చు. ఒకరి పెగ్గు 60, ఇంట్లో స్టీలు గ్లాసులో పోసుకునేది 90 దాటుతుంది. పెగ్గులు వదిలేసి ఫుల్ బాటిల్ ఎన్ని రోజులు వస్తుందో, నెలకి ఎన్ని సీసాలు పాత సామాన్లవాడికి వేస్తారో అడగండి. రెండోదానికి భార్య ఠక్కున చెబుతుంది. మన రమ్ము, విస్కీ 42.8 శాతం, 30 ఎం.ఎల్.కి సుమారు 10 గ్రాముల ఆల్కహాల్, అంటే ఒక యూనిట్. క్వార్టర్‌కి ఆరు, హాఫ్‌కి పన్నెండున్నర, ఫుల్‌కి ఇరవై అయిదు. 650 ఎం.ఎల్. స్ట్రాంగ్ బీరు కూడా నాలుగు యూనిట్లు, "బీరే కదా" అని వదిలేయకండి.

తాగుడు ఎంత ముదిరిందో కొలిచే ఆడిట్ ప్రశ్నావళిలో పది ప్రశ్నలు, 40కి లెక్క. 20, ఆ పైన వస్తే డిపెండెన్స్ (మందు లేకుండా ఉండలేని స్థితి) అనుమానించాలి. కానీ నైట్ డ్యూటీ మనిషి దగ్గర "పొద్దున్నే తాగుతారా?" అన్న ప్రశ్న తప్పుదారి పట్టిస్తుంది. ఆయన ఏడింటికి ఇల్లు చేరి, నిద్ర కోసం తాగుతాడు. అది మనం సాయంత్రం తాగడం లాంటిదే. అడగాల్సింది "నిద్ర లేచిన గంటలోపు చేతులు వణికి తాగాల్సి వస్తోందా?" అని. అవునంటే ఆ కేసు బరువు వేరు.

చివరిగా తాగిన టైము గంటతో సహా రాసుకోండి. వణుకు, చెమటలు 6 నుంచి 24 గంటల్లో మొదలవుతాయి. ఫిట్స్ వచ్చే ప్రమాదం 48 గంటల వరకూ ఎక్కువ. ఎవరెవరో కనబడుతున్నారనడం, మంచం మీద చీమలు దులుపుకోవడం లాంటి డెలీరియం రెండో మూడో రోజున వస్తుంది. ఇదివరకు మానినప్పుడు ఫిట్స్ గానీ డెలీరియం గానీ వచ్చి ఉంటే ఇంట్లో మాన్పించే ప్రసక్తే లేదు, అడ్మిషనే. నర్సు విత్‌డ్రాయల్ తీవ్రత కొలిచే సివా స్కేలు వేస్తారు, 67కి 15 దాటితే తీవ్రమని లెక్క. తినక తాగిన మనిషికి గ్లూకోజ్ ఎక్కించే ముందే థయామిన్ (బి1 విటమిన్) వెళ్లాలి. తికమక, తూలడం, కళ్లు సరిగా తిరగకపోవడం కనబడితే వెర్నికే (థయామిన్ లోపంతో మెదడు దెబ్బతినడం) అనుమానించి డాక్టరుకి అప్పుడే చెప్పండి. "మత్తు ఇంకా దిగలేదు" అని పడుకోబెట్టేస్తే జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవచ్చు.

తుపాకీ సంగతి చాలామంది అడగరు. బ్యాంకు గన్‌మ్యాన్ పని చేసే మాజీ సైనికుడి దగ్గర సొంత లైసెన్సు మీద 12 బోరు తుపాకీ ఉండొచ్చు. తాగుడు, నిద్రలేమి, ఇంట్లో ఆయుధం కలిస్తే ఆత్మహత్య ప్రమాదం పెరుగుతుంది. "చనిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి, అడిగినందువల్ల ఆలోచన పుట్టదు. ఆయన ఒప్పుకుంటే ఆయుధాన్ని పోలీస్ స్టేషన్‌లోగానీ లైసెన్సున్న ఆయుధాల డీలరు దగ్గరగానీ డిపాజిట్ చేయించి రసీదు తెమ్మనండి. తూటాలతో సహా. బీరువాలో పెట్టి భార్య తాళం దాస్తే చాలదు. ఆయన ఉద్యోగమే ఆ తుపాకీ మీద ఉంటుంది కాబట్టి ఏజెన్సీలో కొన్నాళ్లు ఆయుధం లేని పోస్టు అడగడం కూడా అదే రోజు మాట్లాడాలి. లేదంటే రెండో వారం రసీదు పట్టుకెళ్లి వెనక్కి తెచ్చుకుంటాడు.

దెబ్బల గురించి భార్యని ఒంటరిగా అడగండి. గడిచిన ఏడాదిలో ఆస్పత్రికి వెళ్లాల్సిన గాయం, గొంతు పట్టుకోవడం, ఆయుధం చూపించడం, "నేనిక్కడ చెప్పింది ఆయనకి తెలిస్తే..." అన్న భయం. వీటిలో ఒక్కటున్నా జంట సెషన్ వద్దు. ఇద్దరినీ విడివిడిగా చూస్తూ ఆవిడ సేఫ్టీ ప్లాను ముందు చేయండి. 181 మహిళా హెల్ప్‌లైన్ నంబరు, గృహహింస చట్టం కింద ప్రొటెక్షన్ ఆఫీసరు వివరాలు కాగితమ్మీద రాసి ఇవ్వకండి, ఇంట్లో దొరికితే అదో గొడవ.

పెన్షన్ ప్రశ్నకి తడుముకోకుండా జవాబివ్వండి. చికిత్స తీసుకున్నందుకు సర్వీస్ పెన్షన్ ఆగదు. మెంటల్ హెల్త్‌కేర్ యాక్ట్ 2017, సెక్షన్ 23 ప్రకారం ఆయన వివరాలు గోప్యం. ఎవరికైనా ప్రాణాపాయం ఉందంటే మాత్రం చెప్పాల్సినంత వరకు చెబుతామని కూడా ఆ పూటే చెప్పండి.

వార్డు_సిస్టర్:

కూరలో కలిపే మాత్ర గురించి. ఆవిడ అడిగేది డైసల్ఫిరామ్. తెలియకుండా ఇవ్వకూడదు, నీతి కోసమే కాదు. అది వేసుకుని తాగితే ముఖం ఎర్రబడి, వాంతులు, గుండె దడ, బీపీ పడిపోవడం. గుండె జబ్బున్నవాడికి ప్రాణం మీదికి రావచ్చు. తనకేమైందో తెలియని మనిషి డాక్టరుకి కూడా ఏం చెప్పగలడు? ఆయన ఒప్పుకుని వేసుకుంటే మంచి మందే. మామూలుగా రోజుకి 250 ఎంజీ, ముందు లివర్ టెస్టులు, గుండె పరిస్థితి చూస్తారు. చివరి చుక్క తర్వాత కనీసం 12 గంటలు గడవాలి. మాత్ర ఆపేసినా రెండు వారాల వరకు తాగితే రియాక్షన్ రావచ్చు. ఆల్కహాల్ ఉన్న దగ్గు సిరప్, ఆఫ్టర్ షేవ్, శానిటైజర్ కూడా జాగ్రత్త. మిలిటరీ వాళ్లు రోజూ గడ్డం గీసుకుంటారు, ఆఫ్టర్ షేవ్ పేరెత్తి మరీ చెప్పండి.

మోకాళ్ల నొప్పులన్నారు కాబట్టి ఇంకోటి. ట్రమడాల్ (నల్లమందు తరహా నొప్పి మాత్ర) మింగుతున్నారేమో మాత్రల స్ట్రిప్పులు తెప్పించి చూడండి. వాడుతుంటే తాగాలన్న కోరిక తగ్గించే నాల్‌ట్రెక్సోన్ (రోజుకి 50 ఎంజీ) మొదలుపెట్టకూడదు, అలాంటి మందులు ఆగి 7 నుంచి 10 రోజులు కావాలి. లేకపోతే ఒక్కసారిగా విత్‌డ్రాయల్ వచ్చి "మీ మందే నన్ను చంపింది" అని మళ్లీ గుమ్మం తొక్కరు. అదే పనికి వాడే అకాంప్రోసేట్‌కి లివర్ బెడద తక్కువ, కానీ 333 ఎంజీ బిళ్లలు రెండేసి మూడు పూటలు. నైట్ డ్యూటీ వాళ్లకి మధ్య డోసు ఎగిరిపోతుంది, టిఫిన్ బాక్సులో పెట్టించండి. మందుల షాపులో కొన్న అల్ప్రాజోలం (ఆందోళనకి, నిద్రకి వేసుకునే మాత్ర) ఇంట్లో ఉందేమో అదీ చూడాలి.

ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డుంటే పాలీక్లినిక్ రిఫరల్ రాయించుకున్నాకే ఎంప్యానెల్ అయిన ఆస్పత్రికి పంపండి. రిఫరల్‌లో ఏ విభాగం, ఎన్ని రోజులు అని రాశారో చూసి పంపితే బిల్లింగ్ దగ్గర గొడవ తప్పుతుంది.

రెండో_కాఫీ:

జంట సెషన్ల గురించి నేను చెబుతాను. డిటాక్స్ (ఒంట్లోంచి మందు దింపే చికిత్స) అయ్యి, తల తేటపడ్డాక మొదలుపెట్టండి. వారానికొకటి, మొత్తం 12 నుంచి 20.

ఈ ఇళ్లలో అసలు ముడి సీసా దగ్గర ఒక్కటే లేదు. సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఆయన ఏడాదికి 60 రోజుల యాన్యువల్ లీవు, పైన క్యాజువల్. ఫ్యామిలీ క్వార్టర్స్ దొరికిన కొద్ది ఏళ్లు తప్ప ఆ ఇంటిని నడిపింది ఆవిడ. ఫీజులు, చిట్టీలు, అత్తగారి ఆపరేషన్, స్థలం రిజిస్ట్రేషన్. లీవులో వచ్చినప్పుడు ఆయన చుట్టం, ఇప్పుడు శాశ్వతంగా వచ్చేశాడు. అయిదింటికి పిల్లల్ని లేపి పరేడ్‌లోలా వరసలో నిలబెట్టి ఫాలిన్ చేయిస్తాడు, ఆవిడ పద్ధతులన్నీ తప్పంటాడు, ఎవరూ వినకపోతే మేడ మీదికెళ్లి తాగుతాడు.

ఇక్కడ కొత్త థెరపిస్టులు చేసే పొరపాటు ఒకటుంది. మానేసినందుకు బహుమానంలాగా "ఇక ఇంటి పెద్దరికం మీదే" అని మొత్తం ఆయన చేతిలో పెట్టిస్తారు. ఆవిడ పదిహేనేళ్ల కష్టం ఒక్క సెషన్‌లో పోతుంది. ఆయన ఓసారి తాగగానే అంతా మళ్లీ లాగేసుకుంటుంది. పెద్దరికాన్ని తాగుడుతో ముడిపెట్టొద్దు. ఒక తెల్లకాగితం మీద ఇంట్లో జరిగే నిర్ణయాలన్నీ రాయించండి, పాల ప్యాకెట్ల నుంచి కూతురి కాలేజీ దాకా. ఆవిడవి, ఆయనవి, ఇద్దరివీ అని మూడు వరసలు. రెండు వారాలకి ఒక పని చొప్పున, పూర్తిగా ఆయనకి మారాలి. కరెంటు బిల్లు, స్కూటర్ సర్వీసింగ్, అబ్బాయి లెక్కల ట్యూషన్ లాంటివి ముందు. డబ్బు, బంధువులు చివర. అప్పగించిన పనిలో ఆవిడ వేలు పెట్టకూడదు, బిల్లు కట్టడం రెండు రోజులు ఆలస్యమైనా సరే.

పిల్లల్ని జంట సెషన్‌లో కూర్చోబెట్టకండి. వాళ్లకి వేరే ఒక గంట. పదో తరగతి పిల్లాడు అమ్మానాన్నల మధ్య వార్తలు మోసే పని చేస్తుంటాడు. ముందు ఆ పని మాన్పించాలి.

యుద్ధం గురించి మొదటి రోజే కదిలించకండి. "ఏ ట్రేడ్, ఏ ఏ స్టేషన్లు?" అని అడగండి. ఆయన క్లర్కు కావచ్చు, డ్రైవరు కావచ్చు. వచ్చిన ప్రతివాడినీ కార్గిల్ అడిగితే చూడనివాడికి నామోషీ, చూసినవాడికి నరకం. పీడకలలు, చిన్న చప్పుడికే ఉలికిపాటు, జనంలోకి వెళ్లకపోవడం ఉంటే విడిగా పీసీఎల్-5 (ట్రామా తర్వాత మిగిలే పీటీఎస్‌డీ లక్షణాల ప్రశ్నావళి) వేయండి, 20 ప్రశ్నలు, 80కి 31-33 దగ్గర గీత. గీత దాటితే ట్రామా చికిత్స తాగుడు చికిత్సతో పాటే నడవాలి. "ముందు ఏడాది మానండి, అప్పుడు చూద్దాం" అంటే ఆ కలలే మళ్లీ సీసా పట్టిస్తాయి.

జాలహళ్లి_పీఎస్‌డబ్ల్యూ:

చాలా ఉపయోగం. రోజువారీ రికవరీ కాంట్రాక్టులో "ఇవాళ తాగను" అని ఆయన అనడం, ఆవిడ థాంక్స్ చెప్పడం ఉంటుంది కదా. మన జంటలు నవ్వేసి ఊరుకుంటున్నారు. భార్యలేమో రోజంతా నోరు వాసన చూస్తున్నారు.

రెండో_కాఫీ:

నవ్వుతారు, నిజమే. పెళ్లయి ఇరవయ్యేళ్లయిన మనిషి భార్యకి థాంక్స్ చెప్పడం మన ఇళ్లలో ఎక్కడుంది? ఆ మాట తీసేయండి, క్రమం మాత్రం ఉంచండి. డ్యూటీ పగలైతే పొద్దుటి కాఫీ వేళ, నైట్ అయితే మధ్యాహ్నం నిద్ర లేచాక. ఆయన మాత్ర తనంతట తనే తీసి, ఆవిడ ఎదురుగా వేసుకుని, "ఇవాళ్టికి లేదు" అంటాడు. ఆవిడ "సరే, నిన్న కూడా నిలబడ్డారు" అని గోడ మీది తిరుపతి క్యాలెండర్‌లో ఆ తేదీకి టిక్కు పెడుతుంది. మొత్తం రెండు నిమిషాలు. ఆ తర్వాత మర్నాటి దాకా తాగుడు ప్రస్తావన ఇద్దరూ తేకూడదు, పాతదీ కొత్తదీ. మనసులో ఉన్నది సెషన్‌కి తేవాలి. వాసన చూడటం, జేబులు వెతకడం, డ్యూటీకి వీడియో కాల్ చేయడం బంద్. ఆవిడ సెంట్రీ డ్యూటీ చేసినన్నాళ్లూ ఆయన తప్పించుకునే ఖైదీగానే ఉంటాడు. ఇది మాటతో ఆగదు, ఆ సమయంలో ఆవిడ ఏం చేయాలో కూడా నిర్ణయించండి. అల్-అనాన్ (తాగేవాళ్ల కుటుంబ సభ్యుల బృందం) మీటింగు, చెల్లెలికి ఫోను, ఏదైనా సరే.

తాగేశాడనుకోండి. ఆ రాత్రి ఎవరూ మాట్లాడకూడదు, మత్తులో ఉన్నవాడితో పంచాయితీ వద్దు. డైసల్ఫిరామ్ మీద ఉంటే ఒంట్లో బాగోలేదన్న వెంటనే ఎమర్జెన్సీకి. లేదంటే 24 గంటల్లోపు ఆయనే ఫోన్ చేసి చెప్పాలి, 48 గంటల్లోపు మీరు చూడాలి. ఈ కాగితం బాగున్నప్పుడే రాసి ఇద్దరి సంతకాలు తీసుకోండి. వరుసగా నాలుగైదు రోజులు తాగి ఉంటే మళ్లీ విత్‌డ్రాయల్ లెక్క చూడాలి, కాంట్రాక్టు తర్వాత.

హోసూరు_రోడ్డు:

ఇంకో మాట. ఆయన అసలు రానంటే కొన్ని చోట్ల వ్యాను పంపి ఎత్తుకొస్తారు. ఆ దారి పట్టొద్దు. మెంటల్ హెల్త్‌కేర్ యాక్ట్ సెక్షన్ 89 కింద సపోర్టెడ్ అడ్మిషన్ ఉంది. నామినేటెడ్ రిప్రజెంటేటివ్ (చట్టప్రకారం ఆయన తరఫు ప్రతినిధి) దరఖాస్తు, ఇద్దరు నిపుణులు వేర్వేరుగా పరీక్షించడం, 30 రోజుల గడువు. తీవ్రమైన పరిస్థితికే అది, "మాట వినడం లేదు" అన్నందుకు కాదు. ఆయన రాకపోతే భార్యతోనే క్రాఫ్ట్ (ఇంట్లోవాళ్లకి శిక్షణ ఇచ్చి, తాగే మనిషిని చికిత్సకి రప్పించే) పద్ధతి మొదలుపెట్టండి. తాగని పూట ఎలా దగ్గరవ్వాలి, తాగిన పూట ఎలా పక్కకి తప్పుకోవాలి, ఏ క్షణంలో "ఒకసారి వెళ్దామా?" అనాలి, ఇవే నేర్పుతారు. 1999 నాటి అమెరికా ట్రయల్‌లో ఈ దారిన 64 శాతం కుటుంబాలు మనిషిని చికిత్సకి తేగలిగాయి, అల్-అనాన్ తరహా సాయంతో 13 శాతం. రాత్రిపూట ఆవిడకి ఎవరూ దొరక్కపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416, తెలుగులో మాట్లాడతారు.

గోదారి_గట్టు:

కోటా గురించి ఎవరూ చెప్పలేదు. క్యాంటీన్ సీసా ఆ ఇంట్లో తాగడానికే కాదు, మర్యాదకి కూడా. ఇంటి ఓనరుకి ఒకటి, బావమరిదికి ఒకటి, పని చేసిపెట్టిన ఆఫీసులో ఒకటి. మిలిటరీ మాధవరం లాంటి ఊళ్ల వైపు అయితే సంక్రాంతికి వచ్చేవాడి సంచిలో ఏముందో ఊరంతా ఎదురుచూస్తుంది. "కోటా తీసుకోకండి" అని మీరు తేలిగ్గా అనేస్తే ఆ మర్యాదంతా తెగిపోతుంది, మీతో తల ఊపి వెళ్లి తెచ్చుకుంటాడు. ఎవరెవరికి ఇస్తున్నారో పేర్లు రాయించి, ఒక్కొక్కరికీ బదులు ఏమివ్వాలో తేల్చండి. అదే క్యాంటీన్‌లో మిక్సీలు, కుక్కర్లు, సబ్బులు కూడా దొరుకుతాయి. కార్డు భార్య దగ్గర దాయించొద్దు, మళ్లీ సెంట్రీ డ్యూటీయే. మూడు నెలలు మందు తీసుకోనని ఆయనే నిర్ణయించుకుని, నెలనెలా సరుకుల బిల్లు సెషన్‌కి తెచ్చి చూపిస్తే చాలు.

పండక్కి ఊరెళ్లే ముందు వారం సెషన్ తప్పించకండి. బస్సు దిగగానే ఎవరు ఎదురొస్తారు, మొదటి గ్లాసు ఎవరి చేతి మీదుగా వస్తుంది, ఆయన ఏమంటాడు, ఇవన్నీ మాటలతో సహా అనిపించండి. "లివర్ మాత్రలు వాడుతున్నా, డాక్టరు వద్దన్నాడు" అన్నది ఊళ్లో పనిచేస్తుంది. "మానేశాను" అంటే పందెం కాస్తారు. మూడు రోజులకి మించి ఉండకుండా, తిరుగు టికెట్ ముందే తీయించండి.