"ప్రతి విషయమునందును" అంటే జరిగిన ప్రతిదానికీ అనా?

అడిగినవారు: అందరికీ నమస్కారం. బైబిల్లో పౌలు థెస్సలొనీక సంఘానికి రాసిన మొదటి పత్రిక (ఉత్తరం), అంటే 1 థెస్సలొనీకయులకు 5:18లో "ప్రతి విషయమునందును కృతజ్ఞతాస్తుతులు చెల్లించుడి" అని ఉంది కదా. మొన్న బంధువుల ఇంట్లో ఆదరణ కూడికకు వెళ్తే ఈ వాక్యమే చదివారు. ఇంటాయన పోయి వారం కూడా తిరగలేదు. ఒక పెద్దావిడ ఆ ఇల్లాలి చెయ్యి పట్టుకుని "ఏడవకమ్మా, జరిగినదానికి దేవునికి స్తోత్రం చెప్పుకో" అంది. వాక్యంలో ఉన్నది నిజంగా అదేనా? నేను అడుగుతున్నది భాష గురించి. మతాల గొడవలోకి దిగొద్దని మనవి.

తెలుగు మాస్టారు: వాక్యంలో "ప్రతి విషయమునకు" అని లేదండి, "నందును" అని ఉంది. చిన్నప్పుడు బట్టీ పట్టిన విభక్తులు గుర్తు తెచ్చుకోండి. "అందున్, నన్" సప్తమి. ఏదైనా ఎక్కడ ఉందో, ఎందులో జరుగుతోందో చెప్పే విభక్తి అది. గ్రీకు మూలంలోనూ "ఎన్ పాంతి" అనే ఉంది, అంటే అన్నిటిలో అని. కష్టంలో ఉండగా దేవునికి కృతజ్ఞత చెప్పడం ఒకటి, కష్టం వచ్చినందుకు కృతజ్ఞత చెప్పడం ఇంకొకటి. పెద్దావిడ మంచి మనసుతోనే అని ఉంటారు గానీ విభక్తి మార్చేశారు.

ఇది రాసిన మనిషి సంగతి కూడా చూడండి. థెస్సలొనీకకు రాకముందు పౌలు ఫిలిప్పీలో ఉన్నాడు. అక్కడ బట్టలు లాగేసి బెత్తాలతో కొట్టించారు, లోపలి చెరసాలలో తోసి కాళ్లకు బొండ (కొయ్య చట్రం) వేసి బిగించారు. మధ్యరాత్రి వేళ ఆయనా, తోడున్న సీలా పాటలు పాడారు. అందరూ చెప్పేది ఇక్కడి వరకే. తెల్లారాక జరిగింది ప్రసంగాల్లో తక్కువ వినపడుతుంది. "మిమ్మల్ని వదిలేశాం, వెళ్లిపోండి" అని అధికారులు కబురు పంపితే పౌలు కదల్లేదు. రోమా పౌరులమైన మమ్మల్ని విచారణ లేకుండా నలుగురిలో కొట్టించి ఇప్పుడు గుట్టుగా పంపేస్తారా, వాళ్లే వచ్చి బయటికి తీసుకెళ్లాలి అన్నాడు. వాళ్లు వచ్చి బతిమాలుకున్నారు కూడా. రాత్రి స్తుతి పాడిన నోరే పొద్దున న్యాయం అడిగింది. ఆ దెబ్బలు మంచివని మాత్రం అనలేదు. ఈ పత్రిక రెండో అధ్యాయంలో "అవమానము" అన్న మాట వాడే ఆ సంగతి తలుచుకున్నాడు. పత్రిక క్రీ.శ. 50–51 ప్రాంతంలో రాసిందంటారు, అంటే ఆ గాయాలు ఇంకా పాతబడలేదు.

ఒక సభ్యురాలు: మా ఇంట్లో "స్తోత్రం" అనేది ఫోన్ ఎత్తినా, అన్నం ముందు కూర్చున్నా, పోయిన కరెంటు వచ్చినా వినపడుతుంది మాస్టారూ! "చెల్లించుడి" గురించి కూడా చెప్పండి. కృతజ్ఞత చెల్లించడం ఏమిటి?

తెలుగు మాస్టారు: గ్రీకులో అది ఒకే క్రియ. "చెల్లించు" మనవాళ్లు చేర్చుకున్నది, నాకైతే భలే నచ్చుతుందమ్మా. శిస్తు చెల్లిస్తాం, బాకీ చెల్లిస్తాం, మొక్కు చెల్లిస్తాం. మనసు బాగున్న రోజే బాకీ కట్టాలని ఎక్కడా లేదు కదా. ఏడుస్తూ కూడా చెల్లించవచ్చు. 50వ కీర్తనలో "స్తుతి యాగము" అన్నారు. యాగమంటే ఏదో ఒకటి ఖర్చు కావాలి.

ఇంకొకరు: మాస్టారు గారూ, ఎఫెసీయులకు 5:20లో "సమస్తమునుగూర్చి" అని ఉందే? "కూర్చి" ద్వితీయ. మీ సప్తమి అక్కడ నిలబడదు.

తెలుగు మాస్టారు: మంచి పాయింటే పట్టారు. అక్కడ గ్రీకులో కూడా విభక్తి వేరే, కాదనను. అందుకే ఈ రెండు వాక్యాల మీద బోధకులు ఒకే మాట మీద లేరు. నా మట్టుకు నేను అదే అధ్యాయంలో కాస్త పైకి వెళ్లి చదువుతాను. 11వ వచనంలో అంధకార క్రియలను "ఖండించుడి" అన్నాడు, 16వ వచనంలో "దినములు చెడ్డవి" అన్నాడు. ఖండించమన్న వాటికే మళ్లీ స్తోత్రం చెప్పమంటాడా? ఆ "సమస్తము"లో చెడు కూడా కలిసిందని నేను చదవలేను.

ఇంకొకరు: అది ఒప్పుకుంటాను. అయితే ఆ పెద్దావిడను మరీ తప్పు పట్టకండి. ఆవిడకు ఆ మాటే ఊతం అయి ఉండొచ్చు. తన సంగతిలో తాను అనుకుంటే అది విశ్వాసం. పక్కవాళ్ల సంగతిలో మనం అంటేనే తేడా.

ఒక సభ్యురాలు: బైబిల్లో ఆస్తినీ పిల్లల్నీ పోగొట్టుకున్న యోబు కూడా "యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొని పోయెను" అని తన నోటితో తానే అన్నాడు. స్నేహితులు వచ్చి ఏడు రోజులు నోరు మెదపకుండా నేల మీద కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే, నోరు తెరిచాకే అసలు గొడవ మొదలైంది :)

అడిగినవారు: ఏడవకూడదని మాత్రం ఎక్కడా లేదంటారా?

తెలుగు మాస్టారు: లేదండి. ఈ పత్రికలోనే 4:13లో "నిరీక్షణలేని ఇతరులవలె" దుఃఖపడవద్దన్నాడు. "వలె" తీసేసి చదివితేనే చిక్కు. రోమా పత్రికలో "ఏడ్చువారితో ఏడువుడి" అని సూటిగానే ఉంది. ప్రభురాత్రి భోజనం మాటలు కూడా చూడండి, యేసు "తాను అప్పగింపబడిన రాత్రి" రొట్టె ఎత్తుకుని కృతజ్ఞతాస్తుతులు చెల్లించాడని. స్తుతి చెల్లించింది రొట్టె పట్టుకుని, అప్పగించినందుకు కాదు. ఆ రాత్రే గెత్సేమనే తోటలో ఈ గిన్నె (రాబోయే బాధ) తొలగించమని కూడా అడిగాడు.

ఇంకొకరు: అలాంటి కూడికలో చదవడానికి హబక్కూకు ప్రవక్త గ్రంథంలో 3:17, 18 నయమనుకుంటా. అంజూరపు చెట్లు "పూయకుండినను", ద్రాక్షచెట్లు "ఫలింపకపోయినను", ఒలీవ కాపు, చేనిలో పైరు, దొడ్డిలో గొర్రెలు, సాలలో పశువులు, ఇలా వరసగా ఆరు అప్యర్థకాలు ("అయినా సరే" అనే అర్థమిచ్చే రూపాలు). పోయినవన్నీ పేరుపేరునా చెప్పుకున్నాకే "ఆనందించెదను" అంటాడు.

తెలుగు మాస్టారు: అవునండీ. చదివేటప్పుడు ఆ ఆరింటినీ గబగబా దాటించేయకుండా ఒక్కోదాని దగ్గర కాస్త ఆగి చదవమనండి.