ఎడిటర్‌లోంచి సర్వర్‌కి లాగిన్ కావట్లేదు: సరిచేసుకోవాలా, ఆ పద్ధతే మానేయాలా?

ప్రశ్న
నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ అనే కోడ్ ఎడిటర్‌లో, సర్వర్‌లోని ఫైళ్లను అక్కడి నుంచే తెరిచి మార్చుకోడానికి ఎన్‌పీపీఎఫ్‌టీపీ ప్లగిన్ వాడుతున్నాను. హోస్టింగ్ వాళ్లు సర్వర్ మార్చినప్పటి నుంచి లాగిన్ కావట్లేదు, 530 అనే ఎర్రర్ వస్తోంది. అదే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఫైల్‌జిల్లా అనే ఫైళ్లు పంపే ప్రోగ్రామ్‌లో ఇస్తే వెంటనే కనెక్ట్ అవుతోంది. మా సీనియర్ ఏమో అసలు ఎడిటర్‌లోంచి ఎఫ్‌టీపీ (సర్వర్‌కి ఫైళ్లు పంపే పద్ధతి) వాడొద్దంటున్నారు. దీని మీద టైమ్ పెట్టడం దండగంటారా?

జవాబు 1
దండగే. మీ సీనియర్ మాట వినండి. సేవ్ నొక్కగానే లైవ్ సైట్ మారిపోతే, ఒక్క సెమీకోలన్ మర్చిపోయినా పేజీ పడిపోతుంది. ప్లగిన్ తీసేసి, విడిగా ఫైళ్లు పంపే విన్‌ఎస్‌సీపీ ప్రోగ్రామ్ పెట్టుకోండి. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌నే దానికి ఎడిటర్‌గా సెట్ చేసుకోవచ్చు.

జవాబు 2
పై వారితో నేను ఏకీభవించను. విన్‌ఎస్‌సీపీలోంచి తెరిచిన ఫైల్ కూడా సేవ్ చేయగానే సర్వర్‌కే వెళ్తుంది కదండీ. మీరు చెప్పిన ప్రమాదం అక్కడా ఉంది.

530 చూడగానే అందరూ పాస్‌వర్డ్ మార్చేస్తారు. ముందు ప్లగిన్ మెసేజ్ విండో తెరిచి, ఆ అంకె పక్కన ఉన్న వాక్యం మొత్తం చదవండి. వీఎస్‌ఎఫ్‌టీపీడీ అనే ఎఫ్‌టీపీ సర్వర్ ప్రోగ్రామ్, ఎన్‌క్రిప్షన్ (డేటాను రహస్య రూపంలో పంపడం) లేకుండా వచ్చేవాళ్లను తిప్పి పంపేటప్పుడు కూడా 530 అనే చెబుతుంది, అప్పుడు పాస్‌వర్డ్‌కి దానితో సంబంధమే లేదు. ఫైల్‌జిల్లా మామూలుగా టీఎల్‌ఎస్ అనే ఎన్‌క్రిప్షన్ ఉంటే దాన్నే వాడుకుంటుంది, అందుకే మీకు తేడా తెలియలేదు. మీ ప్రొఫైల్‌లో కనెక్షన్ టైప్ ఉత్త ఎఫ్‌టీపీ అని ఉండి ఉంటుంది. దాన్ని ఎఫ్‌టీపీఈఎస్ (మామూలుగా కనెక్టయ్యాక టీఎల్‌ఎస్‌కి మారేది) చేయండి, పోర్ట్ 21 అలాగే ఉంచండి. ఎఫ్‌టీపీఎస్ (మొదటి నుంచే టీఎల్‌ఎస్ వాడేది) ఎంచుకుంటే సాధారణంగా పోర్ట్ 990 కావాలి. ఎస్‌ఎఫ్‌టీపీ పూర్తిగా వేరు, అది ఎస్‌ఎస్‌హెచ్ అనే సురక్షిత రిమోట్ లాగిన్ పద్ధతి మీద నడుస్తుంది, పోర్ట్ 22.

ఇంకో మాట. తప్పు సెట్టింగ్‌తో పదే పదే ప్రయత్నించకండి. సర్వర్‌లో ఫెయిల్‌టుబ్యాన్ (విఫలమైన లాగిన్లను చూసి అడ్డుకునే ప్రోగ్రామ్) ఉంటే, దాని మామూలు సెట్టింగ్ ప్రకారం 5 సార్లు విఫలమైతే మీ ఐపీని 10 నిమిషాలు ఆపేస్తుంది. అప్పుడు ఫైల్‌జిల్లా కూడా పనిచేయదు, అసలు తప్పు ఎక్కడుందో పట్టుకోవడం మరీ కష్టమవుతుంది.

జవాబు 1
విన్‌ఎస్‌సీపీ విషయంలో మీరన్నది నిజమే. కానీ పాస్‌వర్డ్ సంగతేంటి? వీఎస్ కోడ్ అనే మరో ఎడిటర్‌లో ఎస్‌ఎఫ్‌టీపీ ఎక్స్‌టెన్షన్ వాడేవాళ్లు ప్రాజెక్ట్ ఫోల్డర్‌లోని జేసన్ సెట్టింగ్స్ ఫైల్‌లో పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టు రాసేస్తారు. అది కోడ్ మార్పులు దాచి, పంచుకునే గిట్‌లోకి వెళ్లిందంటే సర్వర్ తాళం ఊరందరికీ ఇచ్చినట్టే. నా అభ్యంతరం అసలు అక్కడే.

జవాబు 2
ఆ భయం న్యాయమైనదే. ఆ ఫైల్‌ను గిట్‌ఇగ్నోర్‌లో (గిట్‌లోకి వెళ్లకూడని ఫైళ్ల జాబితా) పెట్టాలి, పాస్‌వర్డ్ బదులు ఎస్‌ఎస్‌హెచ్ కీ (లాగిన్‌కి వాడే రహస్య ఫైల్) వాడాలి. కీలు తయారుచేసే పుట్టీజెన్ ప్రోగ్రామ్‌తో చేసిన పీపీకే ఫైల్‌ను ఎన్‌పీపీఎఫ్‌టీపీ చదవలేదు. పుట్టీజెన్‌లోనే కన్వర్షన్స్ మెనూలోంచి ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ రూపంలోకి మార్చి ఇవ్వండి. చాలామంది ఇక్కడే ఆగిపోయి ప్లగిన్‌ను తిడతారు.

ప్రశ్న అడిగినవారు
ఎఫ్‌టీపీఈఎస్ పెట్టగానే లాగిన్ అయింది, ఇద్దరికీ ధన్యవాదాలు. ప్లగిన్ ఉంచుకుంటాను గానీ, లైవ్ సైట్‌కి కాదు, టెస్టింగ్ ఫోల్డర్‌కి మాత్రమే. మా హోస్టింగ్ ప్లాన్‌లో ఎస్‌ఎస్‌హెచ్ ఇవ్వలేదు, కాబట్టి కీ వాడే వీలు లేదు. ఈ పరిస్థితిలో పాస్‌వర్డ్ ఎక్కడ దాచుకుంటున్నారో చెప్పండి.