అప్‌డేట్: ఫోర్స్‌డ్ ల్యాండింగ్ ప్రాక్టీస్‌లో ఫ్లాప్స్ ఎప్పుడు?

సెస్నా 172ఎస్ అనే చిన్న విమానంలో, ఇంజిన్ ఆగిపోయిందనుకుని పొలంలో దిగడం (ఫోర్స్‌డ్ ల్యాండింగ్) ప్రాక్టీస్ చేసేటప్పుడు ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కిందికి దిగే పలకలు) ముందే దించాలా, చివర్లోనా అని అడిగాను కదా. చివర్లోనే అన్నవాళ్ల మాటే నిజమైంది. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

బాగా పనిచేసిన సలహా: పొలం మొదట్లో కాదు, మూడో వంతు లోపల దిగేలా గురి పెట్టడం. ఇంజిన్ లేకుండా కూడా చేరతామని ఖాయమయ్యాక ఫ్లాప్స్ దించితే ఆ గురి కాస్త ఇవతలికి వస్తుంది. ముందే దించేస్తే, ఎదురుగాలి ఉన్న రోజు పొలం గట్టు దగ్గరే ఆగిపోతాం. ఎత్తు మరీ మిగిలితే సైడ్‌స్లిప్ (విమానాన్ని పక్కకి వంచి జారుస్తూ ఎత్తు తగ్గించడం) ఉంది. కానీ 20 డిగ్రీలకు మించి ఫ్లాప్స్ ఉంటే గట్టి స్లిప్ వద్దని ఈ విమానం మాన్యువల్లోనే ఉంది. దీని గురించి ఎవరూ చెప్పలేదు, అందుకే రాస్తున్నా.

పూర్తి బరువుతో గ్లైడ్ స్పీడ్ (ఇంజిన్ లేకుండా ఎక్కువ దూరం వెళ్లే వేగం) 68 నాట్లు. ట్రిమ్‌తో (చేత్తో బలం పెట్టకుండానే వేగం నిలిపే సర్దుబాటు) అది కుదిరాకే పొలం వెతుకుతున్నాను, టెన్షన్ సగం తగ్గింది. దిగేటప్పుడు మధ్యమధ్యలో థ్రాటిల్ కొంచెం తెరిచి ఇంజిన్ చల్లబడకుండా చూడమని ఇన్‌స్ట్రక్టర్ ప్రతిసారీ గుర్తుచేస్తున్నారు. గో-అరౌండ్‌కి (దిగకుండా మళ్లీ పైకి వెళ్లడానికి) ఆ ఇంజినే కదా కావాలి!

ఇంకో డౌట్: పొలంలో కరెంటు తీగలు పైనుంచి అసలు కనపడవు. స్తంభాల వరస చూసి పసిగడతారా?