గేటు దగ్గర అరుపులు: ట్రీట్లు, చోక్ చైన్ రెండూ కలిపి వాడొచ్చా?

బైరాగిపట్టెడ_వాసి:
మా కుక్క రాజపాళ్యం క్రాస్, మగ, రెండేళ్లు. వీధిలో బండి పోతే చాలు, గేటు వెంబడి ఈ చివర నుంచి ఆ చివరికి పరిగెత్తి అరుస్తాడు. వాటర్ క్యాన్ల ఆటో వస్తే ఇంక చెప్పొద్దు. ఒక ట్రైనర్ చోక్ చైన్ (లాగితే మెడకు బిగుసుకునే గొలుసు) వేసి గుంజమంటాడు, ఇంకొకాయన చికెన్ ముక్కలతోనే నేర్పమంటాడు, ఇంట్లోవాళ్లేమో పట్టించుకోకుండా వదిలెయ్ అంటారు. అరిస్తే గుంజి, ఊరుకుంటే ముక్క పెడితే సరిపోదా?

రేణిగుంట_రోడ్:
పద్ధతులు కలపొచ్చన్నా, ఆ రెండూ మాత్రం వద్దు. బండి కనపడగానే మెడ బిగుసుకుంటే వాడికి ఎక్కేది "బండొస్తే నొప్పి" అనే. బండ్ల మీద కసి ఇంకా పెరుగుతుంది. దెబ్బకు భయపడి గుర్రుమనడం మానుకున్న కుక్క ఒక్కోసారి చెప్పాపెట్టకుండా కరుస్తుంది కూడా.

వదిలెయ్యడం అనేది అన్నం కోసం అరిచేవాటికి పనికొస్తుంది, అక్కడ ఇచ్చే చెయ్యి మనది కాబట్టి. ఇక్కడ వాడు అరుస్తాడు, బండి వెళ్లిపోతుంది, తానే తరిమానని వాడి లెక్క. అందుకే ముందు గేటుకు వాడి కంటికంటే అడుగు పైదాకా గ్రీన్ నెట్ రెండు మడతలేసి కట్టండి. మీరు లేనప్పుడు ముందువైపు వదలద్దు. ఇది చెయ్యకపోతే మిగతాదంతా బూడిదలో పోసిన పన్నీరే.

తర్వాత ముక్కలు. ఉప్పూకారం లేకుండా ఉడికించిన చికెన్, శనగగింజంత. బండి కనపడాలి, "ఎస్" అనాలి, వెంటనే ముక్క నోట్లో పడాలి. బండి కనుమరుగైతే ముక్కలూ బంద్. బండికంటే ముందే మీ చెయ్యి జేబులోకి పోతే వాడు జేబునే చూస్తాడు, బండి సంగతి ఎక్కదు. పూటకు ఐదు నిమిషాలు చాలు.

బైరాగిపట్టెడ_వాసి:
గేటు దగ్గర చికెన్ మూతికి ఆనించినా చూడడే?

చంద్రగిరి_అక్క:
చూడలేదంటే మరీ దగ్గరున్నట్టు తమ్ముడూ. చెవులు నిక్కబొడుచుకున్నా ముక్క తినగలిగే దూరం కావాలి. సన్న వీధిలో అంత చోటు దొరకదు, మిద్దె ఎక్కించండి. లీష్ వదలకుండా పిట్టగోడకు ఎడంగా నిలబెడితే బండి చప్పుడు వినిపిస్తుంది, గేటంత ఉద్రేకం ఉండదు. అక్కడ కుదిరాక మెట్ల మీదికి, ఆ తర్వాత వరండాలోకి. వరసగా రెండుసార్లు అరిచాడంటే ఒక మెట్టు వెనక్కి రండి. ఎండాకాలం పొద్దున ఏడులోపే ముగించండి, మిద్దె కాలితే పాదాలు బొబ్బలెక్కుతాయి.

దీంతోపాటు ఇంట్లో ఒక గోనెపట్ట వేసి "పట్ట మీదికి" అని విడిగా నేర్పండి. నాలుగు కాళ్లూ పట్ట మీద పడితేనే ముక్క. గట్టిగా వచ్చాక ఆ పట్టను రోజుకు రెండడుగులు గేటువైపు జరపండి. పట్ట మీద పడుకున్నవాడు గేటు వెంబడి పరిగెత్తలేడు కదా. మాట మాత్రం ఇంటిల్లిపాదికీ ఒకటే ఉండాలి, ఒకరు "దా" అని, ఒకరు "కమాన్" అంటే కుదరదు.

రేణిగుంట_రోడ్:
ముక్కలు ఎన్ని పడితే అంత అన్నం తగ్గించండి, లేకుంటే ఒళ్లొస్తుంది. ఈ అరుపులు ఉన్నట్టుండి మొదలైనవైనా, చెవో నడుమో ముట్టుకుంటే కస్సుమంటున్నా, ట్రైనింగ్ ఆపి ముందు వెటర్నరీ కాలేజీ ఆసుపత్రిలో చూపించండి. నొప్పితో ఉన్న కుక్కకు ఏ పద్ధతీ ఎక్కదు.